శిలాఫలకం పడే డబ్బు, పడని డబ్బు

రాష్ట్ర బడ్జెట్ పెట్టిన రోజు టీవీల్లో కనిపించేది ఆర్థిక మంత్రి ప్రసంగం. అసలు సంగతులుండేది ఆ ప్రసంగంతో పాటు శాసనసభ్యులకు పంచే లావుపాటి పుస్తకాల్లో. వాటిలో ప్రతి ఖర్చుకూ నాలుగంకెల పద్దు ఒకటుంటుంది. కళలు, సంస్కృతి పద్దు 2205. పర్యాటక శాఖ రోజువారీ ఖర్చు 3452, పర్యాటకం పేరిట జరిగే కట్టడాల ఖర్చు 5452. హస్తకళలు కావాలంటే 2851 దగ్గరికి వెళ్లాలి. అది గ్రామీణ, చిన్న పరిశ్రమల పద్దు. ప్రభుత్వ ప్రచారం 2220. ఈ అంకెలు ఏ ఒక్క రాష్ట్రానివీ కావు, దేశమంతా ఇవే. కేంద్రం లెక్కలూ వీటిలోనే నడుస్తాయి.

"కళలకు ప్రభుత్వం ఎంత ఇస్తోంది?" అని అడిగితే ఎవరూ ఒక్క ముక్కలో చెప్పలేకపోవడానికి మొదటి కారణం ఇదే. ఒక కళ ఒక పద్దులో కుదురుగా కూర్చోదు. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీలు గీసే పటాన్నే తీసుకోండి. ఒకప్పుడు దాన్ని గోడకు తగిలించుకోవడానికి గీసేవారు కాదు. కాకిపడగల వాళ్లు, మందహెచ్చుల వాళ్లు, కూనపులి వాళ్లు ఊరూరా తిరిగి కులపురాణం చెబుతూ, కథ సాగినకొద్దీ చుట్ట విప్పుతూ చూపించడానికి గీయించుకునేవారు. ఇప్పుడు బొమ్మ గీసే కుటుంబం హస్తకళల కిందికి వస్తుంది. దాని బాగోగులు చూసేది కేంద్రంలో జౌళి శాఖ. భౌగోళిక గుర్తింపు, మేళాలో స్టాలు, ప్రభుత్వ హస్తకళల దుకాణమైన గోల్కొండ షోరూములో ఒక అర అన్నీ ఆ దారిలో వస్తాయి. అదే పటం ముందు నిలబడి రాత్రంతా కథ చెప్పే కుటుంబం భాషా సాంస్కృతిక శాఖ కిందికి, అంటే 2205లోకి వస్తుంది. బొమ్మను కొనుక్కుని ఇంటికి తీసుకెళ్లవచ్చు కాబట్టి దానికి మార్కెట్ దొరికింది. కథకు దొరకలేదు. రెండు శాఖలూ తమ పని తాము చేస్తూనే ఉన్నాయి, ఆ కళ మాత్రం సగమే బతికింది.

తిరకాసు ఇంకో వైపు నుంచీ ఉంది. తెలంగాణలో 2017 నుంచి కొన్నేళ్లు ఇచ్చిన బతుకమ్మ చీరలకు ఒక దశలో ఏటా రూ.300 కోట్లకు పైనే ఖర్చయింది. పేరు పండుగది. ఖర్చు చేనేత, జౌళి శాఖది. అసలు ఉద్దేశం సిరిసిల్ల మరమగ్గాలకు పని కల్పించడం. అది తప్పేమీ కాదు, చాలా కుటుంబాలు దానితో నిలబడ్డాయి. దాన్ని సంస్కృతి ఖర్చు అనాలా, పరిశ్రమ ఖర్చు అనాలా అన్నది ఎవరి పార్టీని బట్టి వారు చెబుతారు.

కేంద్రం సంగతికొస్తే, 2025-26 బడ్జెట్ మొత్తం రూ.50.65 లక్షల కోట్లు. అందులో సంస్కృతి శాఖకు దక్కింది సుమారు రూ.3,361 కోట్లు. వంద రూపాయల్లో ఏడు పైసల లోపే. ఆ ఏడు పైసల్లో మూడో వంతుకు పైగా భారత పురావస్తు సర్వేక్షణ సంస్థకే పోతుంది. మిగిలినదాంట్లో జాతీయ మ్యూజియంలు, గ్రంథాలయాలు, అకాడమీలు, పరిశోధన సంస్థలు ఉన్నాయి. హైదరాబాద్‌లోని సాలార్‌జంగ్ మ్యూజియం కూడా ఈ లెక్కలోదే. 1961 నాటి పార్లమెంటు చట్టంతో అది కేంద్ర సంస్థ అయింది. పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియం మాత్రం రాష్ట్రానిది. రెంటి నిర్వహణలో తేడా ఎందుకుంటుందో ఊహించడానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు.

నా మాట మాత్రం వేరే. "డబ్బు తక్కువ" అన్నది సగం నిజమే. ఇచ్చే డబ్బు ఎలాంటిది అన్నది అంతకన్నా పెద్ద విషయం. ఒకసారి ఇచ్చి, శిలాఫలకం వేసి, రిబ్బన్ కత్తిరించి ముగించగలిగే డబ్బు ఎలాగోలా పుడుతుంది. ప్రతి నెలా, ప్రతి ఏడాదీ, ఫొటో లేకుండా ఇవ్వాల్సిన డబ్బు పుట్టదు. కట్టడం మొదటి రకంలోకి వస్తుంది, కళాకారుడు రెండో రకంలోకి. దీన్ని ఏ ఒక్క ప్రభుత్వానికో అంటగట్టలేం. లెక్కలు రాసే పద్ధతిలోనే ఈ మొగ్గు ఉంది.

ముందు, ఏది ఎవరిదో తేల్చుకోవాలి. రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం జాతీయ ప్రాముఖ్యం ఉన్నవని పార్లమెంటు ప్రకటించిన కట్టడాలు కేంద్రానివి. మిగిలిన ప్రాచీన కట్టడాలు, రాష్ట్ర మ్యూజియంలు, నాటకశాలలు రాష్ట్రానివి. పురావస్తు స్థలాలు ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. పర్యాటకం అన్న అంశమైతే ఏ జాబితాలోనూ విడిగా లేదు. కాబట్టి ఆ పని అందరిదీ. అందరి పని ఎలా జరుగుతుందో మనకు తెలుసు.

ములుగు జిల్లా పాలంపేటకు వెళ్తే ఇది కళ్లకు కడుతుంది. 1213లో కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. గుడి పురావస్తు సర్వేక్షణ సంస్థది. దాని హద్దు నుంచి 100 మీటర్ల దాకా కొత్త కట్టడం కూడదు, ఆ తర్వాత ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి ఉంటేనే కట్టాలి. ఇది 2010లో సవరించిన చట్టం. చెరువు నీటిపారుదల శాఖది. చెరువు దగ్గరి కాటేజీలు రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థవి. రోడ్డు ఇంకొకరిది. గుడి చూడటానికి వచ్చినవారికి ఒక మరుగుదొడ్డి కట్టాలంటే స్థలం ఒకరిది, అనుమతి మరొకరిది, డబ్బు మూడోవారిది, రేపు దాన్ని కడిగి శుభ్రం చేయాల్సింది నాలుగోవారు. ఆ నాలుగోవారి దగ్గరే కథ ఆగుతుంది. కడగడానికి శిలాఫలకం ఉండదు మరి.

రామప్పకు డబ్బు రాలేదని ఎవరూ అనలేరు. పుణ్యక్షేత్రాల అభివృద్ధికి కేంద్రం 2014-15లో మొదలుపెట్టిన ప్రసాద్ పథకం కింద సుమారు రూ.62 కోట్ల పనులకు 2022 డిసెంబరులో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము శంకుస్థాపన చేశారు. అప్పుడే భద్రాచలానికి రూ.41.38 కోట్ల పనులకూ పునాది పడింది. రెండేళ్లు తిరక్కుండానే, 2024 నవంబరులో, రామప్ప ప్రాంత పర్యాటక వలయం పేరిట మరో రూ.73.74 కోట్లు మంజూరయ్యాయి. ఈ రెండో మొత్తం స్వభావం వేరు. పేపర్లలో "కేంద్రం నిధులు" అని వచ్చింది కానీ, అది గ్రాంటు కాదు, రాష్ట్రానికి ఇచ్చిన 50 ఏళ్ల వడ్డీ లేని అప్పు. మూలధన పెట్టుబడుల కోసం రాష్ట్రాలకు ప్రత్యేక సాయం అన్న పథకంలో పర్యాటకానికి ఒక భాగం కేటాయించి, 23 రాష్ట్రాల్లో 40 ప్రాజెక్టులకు దాదాపు రూ.3,296 కోట్లు ఇచ్చారు. రాజమహేంద్రవరంలో పాత హేవలాక్ వంతెన, పుష్కర ఘాట్ చుట్టూ తలపెట్టిన అఖండ గోదావరికి రూ.94.44 కోట్లు, గండికోటకు రూ.77.91 కోట్లు, నల్లమల అంచున సోమశిలకు రూ.68.10 కోట్లు ఈ పథకంలోవే.

రాష్ట్రాలు దీనికి ఎందుకు ఎగబడతాయో అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. వడ్డీ లేదు. తిరిగి కట్టాల్సింది అర్ధ శతాబ్దంలో. మామూలుగా రాష్ట్రం చేసుకోగల అప్పుల పరిమితికి ఇది అదనం. పైగా మూడింట రెండొంతుల డబ్బు ముందే వస్తుంది. ఒకటే షరతు, ఇది మూలధన వ్యయమే కావాలి. అంటే కట్టాలి, కొనాలి, నిలబెట్టాలి. దీనిలోంచి ఒక గైడుకు జీతం ఇవ్వలేరు. గండికోట కథను సాయంత్రం పూట పెన్నా లోయ అంచున బుర్రకథగా చెప్పించి ఆ దళానికి ఏడాది పొడుగునా వేతనం ఇద్దామన్నా కుదరదు. అది రెవెన్యూ వ్యయం. దాన్ని రాష్ట్రమే, తన 2205లోంచో 3452లోంచో, రోజువారీ రాబడిలోంచి తీసి ఇవ్వాలి. రాబడి జీతాలకు, పింఛన్లకు, వడ్డీలకు పోగా మిగిలేది ఎంతో ఏ ఆర్థిక కార్యదర్శిని అడిగినా నిట్టూర్పే జవాబు.

ఇక్కడ ఆర్థిక శాస్త్రం వైపు నుంచి ఒక నమ్మకం కూడా పనిచేస్తోంది. మూలధన వ్యయం మంచిది, ఆస్తి మిగులుతుంది. రెవెన్యూ వ్యయం చెడ్డది, తిని కూర్చున్నట్టు. రోడ్లు, ప్రాజెక్టుల విషయంలో ఇందులో నిజం లేకపోలేదు. కళల విషయంలో ఇది తలకిందులవుతుంది. కూచిపూడిలో మిగలాల్సిన ఆస్తి భవనం కాదు, భామాకలాపం తెలిసిన మనిషి.

కట్టడాల్లోనూ ఇదే వాసన తగులుతుంది. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణమండపాన్ని బాగుచేద్దామని 2006 ప్రాంతంలో రాయి రాయి విప్పారు. మళ్లీ నిలబెట్టి జనానికి తెరిచింది 2024 మార్చి 8న, మహాశివరాత్రి నాడు. మధ్యలో ఒక తరం పెరిగి పెద్దదైంది. సిమెంటు పని తెలిసిన కాంట్రాక్టర్లు ఎక్కడైనా దొరుకుతారు. కాకతీయుల రాతికి రాయి అతికించగల స్థపతి దొరకడం కష్టం, దొరికినవారిని ఏళ్ల తరబడి పనిలో నిలుపుకోవడం ఇంకా కష్టం. అది మళ్లీ మనిషి మీద పెట్టే ఖర్చే.

పూర్వం మనవాళ్లు ఈ ముడి వేరేలా విప్పారు. గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా కూచిపూడి భాగవతుల ఆట చూసి మెచ్చి ఆ ఊరిని అగ్రహారంగా ఇచ్చాడని ప్రతీతి. అందులో అసలు గొప్పతనం మెప్పుది కాదు, ఇచ్చిన వస్తువుది. ఒక పూట బహుమానం ఇచ్చి పంపలేదు, ఏటా పండే భూమి ఇచ్చాడు. గుళ్లలో భజంత్రీలకు, నట్టువులకు, ఆడేవారికి ఉన్న మాన్యాలూ అంతే. వాటి వెనక కులం ఉంది, స్త్రీల మీద దోపిడీ ఉంది. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ వ్యవస్థను చట్టంతో రద్దు చేసింది. ఆంధ్ర ప్రాంతంలో ఇనాముల రద్దు చట్టం 1956లో వచ్చింది. ఆ వ్యవస్థ పోవాల్సిందే, పోయింది. దాని స్థానంలో ప్రజాస్వామ్యం ఏటా పండే మరో ఆధారాన్ని మాత్రం చూపించలేదు. శాలువా, జ్ఞాపిక, కవరు వచ్చాయి.

పూర్తిగా ఏమీ లేదనడం అన్యాయం. కేంద్ర సంస్కృతి శాఖ కళా సంస్కృతి వికాస్ యోజన కింద గురుశిష్య పరంపరకు ఇచ్చే రెపర్టరీ గ్రాంటు ఒకటుంది. రంగస్థలంవారు దాన్ని "శాలరీ గ్రాంట్" అనే పిలుస్తారు. గురువుకు నెలకు రూ.15,000. పద్దెనిమిదేళ్లు నిండిన శిష్యులకు రూ.10,000, చిన్నపిల్లలకు వయసును బట్టి తగ్గుతూ రూ.2,000 దాకా. ఒక బృందంలో శిష్యులు 18 మందికి మించకూడదు. పూర్తిగా మంజూరైతే బృందానికి నెలకు రూ.1.95 లక్షలు, ఏడాదికి రూ.23.4 లక్షలు. అందరికీ పూర్తిగా మంజూరు కాదు. అయినా, 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు మొదలుపెట్టిన నాటక కుటుంబాల లాంటివాటికి ఈ జాతి గ్రాంటు ఎంత ఊపిరో చెప్పనక్కర్లేదు. సినిమా వచ్చి, టీవీ వచ్చి, ఫోన్ వచ్చినా తెర మీద ఘటోత్కచుడు గాల్లోకి లేస్తూనే ఉన్నాడంటే, వెనక తాడు లాగేవాడికి ఎవరో ఒకరు నెల నెలా ఇస్తుండాలి.

ఒక లెక్క వేశాను. సోమశిల ప్రాజెక్టుకు ఇచ్చిన రూ.68.10 కోట్లతో ఇలాంటి పూర్తి బృందాలు 290కి ఏడాది జీతం ఇవ్వొచ్చు. ఇది న్యాయమైన పోలిక కాదని నాకూ తెలుసు. ఒకటి అప్పు, ఒకటి గ్రాంటు. ఒకటి ఒక్కసారి ఖర్చు, ఒకటి ఏటేటా. కానీ సరిగ్గా ఆ తేడాలే నిర్ణయాన్ని ఎప్పుడూ ఒకవైపుకు నెడుతున్నాయి.

గ్రాంటు ఉందనగానే సరిపోదు, అందుకోవాలి. ముగ్గురుండే బుర్రకథ దళాన్ని ఊహించండి. తంబుర పట్టిన కథకుడు, రాజకీయం చెప్పే వంత, హాస్యం చెప్పే వంత. వీళ్లు కేంద్రం గ్రాంటుకు దరఖాస్తు పెట్టాలంటే ముందు సొసైటీగా రిజిస్టరు కావాలి. స్వచ్ఛంద సంస్థల దర్పణ్ పోర్టల్‌లో నమోదు కావాలి. ఆడిట్ చేయించిన లెక్కలు, వార్షిక నివేదికలు, ప్రదర్శనల ఫొటోలు, పత్రికా కటింగులు కావాలి. పోర్టల్ తెరిచి ఉండే తేదీలు వాళ్ల సీజన్‌ను బట్టి ఉండవు. పంట ఇళ్లకు చేరి సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా ఊళ్లలో పిలుపులుండే రోజుల్లో వాళ్లు చార్టర్డ్ అకౌంటెంట్ చుట్టూ తిరగాలి. తిరగగలిగినవారికే గ్రాంటు వస్తుంది. కాబట్టి చాలా చోట్ల గ్రాంటు కళను బట్టి కాక కాగితాన్ని బట్టి పోతుంది. కాగితం బాగా రాయగల సంస్థ ఒకటి మధ్యలో పుట్టుకొస్తుంది, ఆడేవారు దాని కింద కూలికి ఆడతారు.

వచ్చాక యూసీ. వినియోగ ధ్రువపత్రం అన్నమాట. ఇచ్చిన డబ్బు ఇచ్చిన పనికే ఖర్చయిందని లెక్క చూపితేనే తర్వాతి విడత. ప్రజల డబ్బుకు లెక్క అడగడం తప్పెలా అవుతుంది? చిక్కంతా కాలంతో. నాటకాల తయారీకి ఇచ్చే గ్రాంటులో 75 శాతం ముందు, 25 శాతం తర్వాత. ఆ "తర్వాత" ఎప్పుడన్నది ఎవరి చేతిలోనూ ఉండదు. రాష్ట్రాల్లోనూ అంతే. బడ్జెట్‌లో రాసినంత మాత్రాన డబ్బు వచ్చినట్టు కాదు. ఆర్థిక శాఖ నుంచి బడ్జెట్ విడుదల ఉత్తర్వు, ఆఫీసుల భాషలో బీఆర్‌ఓ, రావాలి. బిల్లు ట్రెజరీకి వెళ్లాలి, టోకెన్ నంబరు పడాలి, క్యూలో దాని వంతు రావాలి. ఉగాదికి ఆడిన నృత్యానికి పారితోషికం దసరాకు అందితే ఆ బృందం అప్పు చేసి ఆడినట్టే.

విచిత్రమేమిటంటే, ఆంధ్రప్రదేశ్‌లో కళాకారులకు అత్యంత నమ్మకంగా చేరే డబ్బు సంస్కృతి శాఖది కాదు. డప్పు కళాకారులకు సామాజిక పింఛన్ల కింద ఇచ్చేది. 2024 జులై నుంచి అది నెలకు రూ.4,000. ఒకటో తారీఖున ఇంటి దగ్గరికే వస్తుంది. ఏ నిపుణుల కమిటీ చూడదు, ఏ ఆడిట్ నివేదికా అడగదు. ఎందుకు ఆగదంటే, అది కళగా కాక సంక్షేమంగా లెక్కలోకి ఎక్కింది. ఆపితే ఓట్లు పోతాయని అన్ని పార్టీలకూ తెలుసు. డప్పు కొట్టేవారికి తమ కళ మీద గౌరవంతో ఇచ్చినట్టు అనిపిస్తుందా, ముసలితనం మీద జాలితో ఇచ్చినట్టు అనిపిస్తుందా అన్నది వేరే ప్రశ్న. కేంద్రం వృద్ధ కళాకారులకు ఇచ్చేది నెలకు రూ.6,000 దాకా. అరవై నిండి, బీదరికం నిరూపించుకున్నవారికి.

ఒక్కసారి ఇచ్చే డబ్బుకూ, నెల నెలా ఇచ్చే డబ్బుకూ తేడా దర్శనం మొగిలయ్య విషయంలో రాష్ట్రమంతా చూసింది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది, రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు ప్రకటించింది. 2024లో ఆయన హైదరాబాద్ శివారులో కట్టడం పనిలో కూలి చేస్తూ కనిపించారని పత్రికల్లో వచ్చింది. ఒకేసారి వచ్చిన సొమ్ము ఇంటి అవసరాలకు ఖర్చయింది, నెల నెలా వచ్చే గౌరవ వేతనం ఆగింది. "కోటి ఇచ్చారుగా!" అని సోషల్ మీడియాలో ఈసడించినవారు చాలామంది. తరతరాలుగా బ్యాంకు ముఖం చూడని కుటుంబానికి కోటి ఒకేసారి ఇచ్చి చేతులు దులుపుకోవడం ఏ రకం ప్రణాళికో వారు ఆలోచించలేదు. పద్మ పురస్కారాలు పొందినవారికి నెలకు రూ.25,000 పింఛన్ ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో ప్రకటించింది. దిశ సరైనదే. కానీ పద్మశ్రీ వచ్చేదాకా ఆ కిన్నెర ఏం తిని బతకాలి?

జీతం ఇచ్చి పెట్టుకున్న ఉదాహరణా ఉంది. రాష్ట్రం వచ్చిన కొత్తలో తెలంగాణ సాంస్కృతిక సారథి పేరిట 550 మంది కళాకారులను తీసుకున్నారు. ఉద్యమంలో ధూంధాం ఆడిన గొంతులు. అడిగింది అన్నం పెట్టే ఉద్యోగం, దొరికింది ప్రభుత్వ పథకాల మీద పాడే ఉద్యోగం. నెల జీతం దొరకడం చిన్న విషయం కాదు, దాన్ని చిన్నచూపు చూసే హక్కు నాకు లేదు. ఐతే ప్రభుత్వాన్ని ప్రశ్నించి పుట్టిన పాటకు ప్రభుత్వమే యజమాని అయితే ఏమవుతుందన్నది ఆ కళాకారులు తమలో తాము ఎప్పుడూ అనుకునేదే. 2023లో ప్రభుత్వం మారింది. పాడాల్సిన పథకాల పేర్లూ మారాయి.

ఈ చిక్కు వస్తుందని మొదటి తరం నాయకులకు తెలియకపోలేదు. సంగీత నాటక అకాడమీ 1953లో, సాహిత్య అకాడమీ, లలిత కళా అకాడమీ 1954లో మొదలయ్యాయి. డబ్బు ప్రభుత్వానిది, నిర్ణయాలు కళాకారులవి, రచయితలవి అన్నది వాటి పునాది. 1946లో బ్రిటన్‌లో పెట్టిన ఆర్ట్స్ కౌన్సిల్ ఆలోచన కూడా అదే. కాగితం మీద అది ఇప్పటికీ ఉంది. కానీ 1972లో ఖోస్లా కమిటీ, 1990లో హక్సర్ కమిటీ అకాడమీల తీరు చూసి చెప్పాల్సినవి చాలానే చెప్పాయి. 2015లో రచయితలు అవార్డులు తిరిగి ఇచ్చేసిన తర్వాత మాట ఇంకో మలుపు తిరిగింది. 2023లో పార్లమెంటరీ స్థాయీ సంఘం, అవార్డు ఇచ్చే ముందే దాన్ని రాజకీయ కారణాలతో వెనక్కి ఇవ్వనని రాతపూర్వకంగా తీసుకోవాలని సిఫారసు చేసింది. అప్పట్లో ఆ సంఘానికి అధ్యక్షుడు మన విజయసాయిరెడ్డి.

తెలుగు రాష్ట్రంలో అకాడమీల కథ ఇంకా కురచ. 1957లో పుట్టిన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీని, తోటి అకాడమీలతో పాటు 1980ల్లో ఎన్టీఆర్ ప్రభుత్వం రద్దు చేసింది. 1985 డిసెంబరు 2న తెలుగు విశ్వవిద్యాలయం పెట్టి వాటిని అందులో కలిపింది. ఒక విశ్వవిద్యాలయానికి యూజీసీ గుర్తింపు, జీతాల పద్దు ఉంటాయి కాబట్టి అకాడమీల కన్నా గట్టిగా నిలబడుతుందన్న వాదనలో పస ఉంది. నిలబడింది కూడా, 2014 దాకా. విశ్వవిద్యాలయం కేంద్రం హైదరాబాద్‌లో. సాహిత్య పీఠం రాజమహేంద్రవరం దగ్గర బొమ్మూరులో, చరిత్ర, సంస్కృతి పీఠం శ్రీశైలంలో, సిద్ధేంద్ర యోగి కళాపీఠం కూచిపూడిలో, జానపద గిరిజన పీఠం వరంగల్‌లో. విభజన చట్టం పదో షెడ్యూలులో, అంటే రెండు రాష్ట్రాలకూ సేవలందించాల్సిన సంస్థల జాబితాలో, ఈ సంస్థ పేరు ఎక్కింది. తల ఒక రాష్ట్రంలో, మూడు అంగాలు మరో రాష్ట్రంలో. కూచిపూడిలో అడుగులు నేర్పే గురువుకు జీతం ఏ రాజధాని నుంచి రావాలన్నది ఏళ్ల తరబడి తేలని పంచాయితీ. 2025లో తెలంగాణ ప్రభుత్వం ఆ విశ్వవిద్యాలయానికి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టింది. అకాడమీలను రెండు రాష్ట్రాలూ మళ్లీ విడివిడిగా పెట్టుకున్నాయి. వాటికి అధ్యక్షులను ప్రకటించిన వార్తలు వచ్చినంత జోరుగా నిధుల వార్తలు రాలేదు.

ప్రభుత్వం వెలుపల ఉన్న పోషకుల్లో అందరికన్నా పెద్దది తిరుమల తిరుపతి దేవస్థానం. సంగీత నృత్య కళాశాల, నాదస్వరం, డోలు నేర్పే పాఠశాల, ఆలయ శిల్పకళ నేర్పే సంస్థ, 1978లో మొదలైన అన్నమాచార్య ప్రాజెక్టు. ఇవన్నీ హుండీ మీద నడుస్తున్నాయి కాబట్టి ఏ ఆర్థిక శాఖ బీఆర్‌ఓ కోసమూ ఎదురుచూడవు. తానీషా పద్ధతి ఇంకా బతికి ఉన్న చోటు అదొక్కటే అనిపిస్తుంది. అయితే ఒగ్గు కథకో, చిందు యక్షగానానికో, గుస్సాడీకో ఆ గుమ్మం తెరుచుకోదు. దానికి తన సంప్రదాయం తనకుంది.

కంటికి కనిపించని సాయం పన్నుల్లో ఉంది. జానపద, శాస్త్రీయ కళాకారులు ఒక ప్రదర్శనకు రూ.1.5 లక్షల దాకా తీసుకుంటే జీఎస్టీ లేదు. నాటకం, నృత్యం, సంగీత కచేరీ టికెట్ రూ.500 దాటకపోతే దానికీ లేదు. కంపెనీలు లాభాల్లో సామాజిక బాధ్యత కింద పెట్టాల్సిన 2 శాతాన్ని కళలు, వారసత్వం మీద పెట్టొచ్చని 2013 కంపెనీల చట్టం చెబుతోంది. పెడుతున్నారు కానీ, వాళ్లకూ బోర్డు మీద పేరు కనిపించాలి. 2018లో దాల్మియా భారత్ ఎర్రకోటను దత్తత తీసుకుందని దేశమంతా గోల జరిగింది. ఆ ఒప్పందంలోనే మన గండికోట కూడా ఉందన్న సంగతి అప్పట్లో చాలామంది గమనించలేదు. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఆగాఖాన్ ట్రస్టు 2013 నుంచి పదేళ్లకు పైగా నిలబడి చేసిన పని మాత్రం వేరే స్థాయిది. అక్కడ సున్నం పని తెలిసిన మేస్త్రీలను ఏళ్ల తరబడి పనిలో ఉంచారు. ఫలితం చూస్తేనే తెలుస్తుంది.

రెండు రాష్ట్రాలూ కొత్త పర్యాటక విధానాలు ప్రకటించాయి, ఆంధ్రప్రదేశ్ పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. హోటళ్లవారికి రాయితీలు దొరుకుతాయి, మంచిదే. ఆ హోటల్లో బస చేసినవాడు సాయంత్రం ఏం చూడాలన్నదానికి విధానంలో ఒక పేరా ఉంటుంది, పద్దులో ఒక గీత ఉండదు. పెద్ద కష్టమైన సంస్కరణ కూడా కాదిది. అప్పు తెచ్చి కట్టే ప్రతి పర్యాటక ప్రాజెక్టు నివేదికలోనూ మొదటి పదేళ్ల నిర్వహణ ఖర్చుతో పాటు స్థానిక కళాబృందం వేతనాన్నీ చూపించాలని, ఆ మొత్తాన్ని రాష్ట్రం 3452లో వేరే గీతగా రాయాలని ఒక జీవో చాలు. టికెట్ రాబడిలో నిర్ణీత వాటా ఆ గీతకే పోవాలి. బృందానికి మంజూరు ఒక ఏడాదికి కాకుండా మూడేళ్లకు ఉండాలి. లెక్కలు రాయడానికి జిల్లాకో మనిషిని శాఖే పెట్టుకుంటే బుర్రకథ చెప్పేవారు ఆడిటర్ల గుమ్మాల ముందు నిలబడే పని తప్పుతుంది.

వచ్చే ఫిబ్రవరి, మార్చిలో బడ్జెట్ పుస్తకాలు ఆర్థిక శాఖల వెబ్‌సైట్లలో పెట్టినప్పుడు కావాలంటే మీరే చూడొచ్చు. ఏ పద్దు ఎదురుగా అయినా కొన్ని నిలువు వరుసలుంటాయి. రెండేళ్ల కిందట నిజంగా అయిన ఖర్చు, ఈ ఏడాది మొదట రాసుకున్న అంచనా, సవరించిన అంచనా, వచ్చే ఏడాది అంచనా. పత్రికల్లో వచ్చేది చివరిది. చూడాల్సింది మధ్యలో ఉన్న రెండు. కేంద్ర పర్యాటక శాఖకు 2024-25లో మొదట రాసింది సుమారు రూ.2,480 కోట్లు, ఏడాది చివర సవరించేసరికి అది దాదాపు రూ.850 కోట్లకు దిగింది. అందులో పర్యాటక ప్రాంతాల్లో సదుపాయాలు కట్టే స్వదేశ్ దర్శన్ పథకం ఒక్కటే రూ.1,750 కోట్ల నుంచి రూ.350 కోట్లకు పడింది. కట్టడాల పరిస్థితే ఇలా ఉంటే 2205 ఎదురుగా ఆ రెండు వరుసలూ ఎలా ఉన్నాయో మీ ఎమ్మెల్యేను అడగండి. ఆ పుస్తకాల కట్ట ఆయన ఇంట్లో కూడా ఉంటుంది.